ముబారకియా సంతలో మనం

(సంక్షేమ వేదిక వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)



వేదిక వాళ్ళు మమ్మల్ని మాట్లాడమన్నప్పుడు అకామా గురించో, జీతాల బకాయిల గురించో చెప్తామని మీరు అనుకొని ఉంటారు. ఆ సంగతులు మాకంటే బాగా తెలిసినవాళ్ళు ఈ ముందు వరుసలోనే కూర్చొని ఉన్నారు. మేము సివిల్ డిప్లొమా చదివి, కాంక్రీటు పోయించుకుంటూ బతికేవాళ్ళం. మాకు తెలిసిందల్లా గోడలు, కప్పులు, వాటి కింద నిలబడే మనుషులు. అందుకని ఈ రోజు ఒక సంత గురించి మాట్లాడదామని వచ్చినాం. కువైట్ సిటీ నడిబొడ్డున ఉండే సూక్ అల్ ముబారకియా. మన నోటికి ముబారకియా.

సంత గురించి ఉపన్యాసం ఏంది అని నవ్వుకోవద్దు. ముందు ఒక మాట అడుగుతాం. ఈ హాల్లో కువైట్ వచ్చి రెండేళ్ళు దాటినవాళ్ళు చేతులెత్తండి. అందరూ ఎత్తినారు. ఇప్పుడు ముబారకియాలో ఒక్కసారైనా కూర్చొని టీ తాగినవాళ్ళు మాత్రం ఎత్తి ఉంచండి. చూసినారా, సగం చేతులు దిగిపోయినాయి. మేము మాట్లాడదామనుకున్నది ఆ దిగిపోయిన చేతుల గురించే.

పోనివాళ్ళ కోసం దారి చెప్తాం. ఫర్వానియా, జలీబ్, మహబూలా, ఫహాహీల్, మీరు ఎక్కడున్నా సిటీకి పోయే బస్సెక్కి మాలియా దగ్గర దిగండి. 372 మీటర్ల లిబరేషన్ టవర్ కళ్ళెదుటే ఉంటుంది కాబట్టి దారి తప్పే పనే లేదు. అక్కడినుంచి సఫాత్ మైదానం పక్కకు నడుస్తూ పోతే, బ్యాంకుల అద్దాల మేడల నడుమ ఊరు ఒక్కసారిగా పొట్టిదైపోతుంది. తల ఎత్తి చూసే భవనాలు అయిపోయి, చెయ్యి చాపితే తగిలే దుకాణాలు మొదలవుతాయి. పైన నీడకు కప్పు, కింద నడిచే దారి, రెండు పక్కలా మనుషులు. అదే ముబారకియా.

లోపల ఒక్కో సందుకు ఒక్కో వాసన. ఖర్జూరాల సందులో బర్హీ, సుక్కరి, ఖలాస్ అని రకాలు కుప్పలు పోసి ఉంటాయి. అడిగితే ఒక కాయ చేతిలో పెట్టి తినమంటారు. సుగంధ ద్రవ్యాల సందులో యాలకులు, దాల్చిన చెక్క, కుంకుమ పువ్వు, ఎండబెట్టిన నల్ల నిమ్మకాయలు. ఆ నిమ్మకాయను ఇక్కడ లూమీ అంటారు. పసుపు గోతాం ముందు మా నిజామాబాద్ మిత్రుడు ఆగిపోతాడు. గోతాం మీద ఏ ఊరి పేరూ రాసి ఉండకపోయినా, చిటికెడు తీసుకొని వేళ్ళ మధ్య రుద్ది, మా ఊరి రంగు ఇది కాదు అనో, ఇదే అనో తీర్పు చెప్తే గానీ కదలడు. అవతల మాంసం, చేపలు, కూరగాయలు. ఇంకో పక్క బంగారం, అత్తర్లు, అరబ్బులు పైన వేసుకొనే బిష్త్ అంగీలు. ఆడవాళ్ళు కూర్చొని అమ్ముకునే సూక్ అల్ హరీం అని ఒక భాగం ఉంది. అది చూస్తే మన సంతల్లో గంప ముందు పెట్టుకొని కూర్చొనే అవ్వలు గుర్తుకొస్తారు. బేరం కూడా అట్లనే ఉంటుంది. ఇచ్చేది లేదని మొహం తిప్పుకుంటారు, నాలుగడుగులు వేస్తే వెనక్కి పిలుస్తారు.

ఇక తిండి. సంత మధ్యలో బల్లలు, కుర్చీలు వేసిన తిండి మైదానం ఉంది. చుట్టూ హోటళ్ళు. బొగ్గుల మీద కబాబులు, టిక్కాలు, కాల్చిన చేపలు. తందూర్ పొయ్యిలో నుంచి అప్పుడే లాగిన ఇరానీ రొట్టె. అది మన చేటంత ఉంటుంది, వేడికి చేతులు మార్చుకుంటూ పట్టుకోవాల్సిందే. రొట్టెతో పాటు ముల్లంగి, పచ్చి ఉల్లిపాయ, జర్జీర్ ఆకు, ఊరబెట్టిన కూరగాయలు తెచ్చి పెడతారు. జర్జీర్ కొంచెం ఘాటుగా, కొంచెం చేదుగా ఉంటుంది. మొదటిసారి ఇదేం గడ్డి అంటారు, మూడోసారి ఇంకో కట్ట అడుగుతారు.

కువైట్ వాళ్ళ ఇంటి అన్నం మచ్‌బూస్. మాంసమో, కోడో, చేపో ఉడికిన నీళ్ళలోనే బియ్యం వేసి, లూమీ, యాలకులు, లవంగాలు వేసి వండుతారు. పైన వేయించిన ఉల్లిపాయ, ఎండుద్రాక్ష, పప్పు కలిపి చల్లుతారు. పక్కన దక్కూస్ అని టమాటా, వెల్లుల్లి కలిపిన పచ్చడి. మా కడప వాళ్ళ నోటికి దాంట్లో కారం చాలదు. చేపల్లో వీళ్ళకు జుబైదీ అంటే ప్రాణం. అది మన చందువ చేప. గోదావరి జిల్లాల మిత్రులకు చెప్పాల్సిన పని లేదు, వాసన పట్టుకొని వాళ్ళే పోతారు. అంత డబ్బు పెట్టలేమనుకుంటే బాజిల్లా, నఖీ ఉంటాయి. బాజిల్లా అంటే ఉడకబెట్టిన పెద్ద చిక్కుడు గింజలు, నఖీ అంటే ఉడకబెట్టిన శనగలు. మన గుడిలో పెట్టే గుగ్గిళ్ళు ఎట్లుంటాయో అవీ అట్లనే ఉంటాయి. తీపి కావాలంటే లుకైమాత్. చిన్న పిండి ముద్దలు నూనెలో వేయించి పాకంలో ముంచుతారు. చివరికి ఇస్తికాన్ అనే నడుము సన్నని చిన్న గ్లాసులో టీ.

ఈ తిండి మనకు పరాయిది అని ఎవరైనా అంటే మేము ఒప్పుకోం. ఊరగాయను ఇక్కడ ఆచార్ అంటారు. ఆ మాట ఎక్కడ విన్నామో మనకు తెలుసు. బిర్యానీ అని మెనూ బోర్డు మీద ఉంటుంది, సంబూసా అని మన సమోసా ఉంటుంది. అటునుంచి ఇటు వచ్చినట్టే ఇటునుంచి అటూ పోయినాయి. గోధుమలు, మాంసం కలిపి మెత్తగా మెదిపే హరీస్ రంజాన్ నెలలో ఇక్కడ ఇంటింటా ఉంటుంది. నిజాం సైన్యంలో పనికి వచ్చిన అరబ్బులు హైదరాబాద్ బార్కస్‌లో స్థిరపడినారు. హరీస్ మన మసాలాలు పట్టి అక్కడ హలీం అయింది. 2010లో హైదరాబాద్ హలీంకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అప్పట్లో వాళ్ళు కొలువు కోసం మన దగ్గరికి వచ్చినారు, ఇప్పుడు మనం కొలువు కోసం వీళ్ళ దగ్గరికి వచ్చినాం. వంట మాత్రం రెండు పక్కలా మిగిలింది.

ముబారకియా పేరు షేక్ ముబారక్ అల్ సబాహ్ వల్ల వచ్చింది. ఆయన 1896 నుంచి 1915 వరకు కువైట్‌ను ఏలినాడు. సంతలోనే కిష్క్ ముబారక్ అని ఒక చిన్న కట్టడం ఉంది. ఆయన అక్కడ కూర్చొని జనం మాటలు వినేవాడని, సంతను చూసుకొనేవాడని చెప్తారు. ఇప్పుడు అది మ్యూజియం. పోయినప్పుడు ఒక్క నిమిషం నిలబడి చూడండి. పరిపాలించేవాడు జనం తిండి కొనే చోట కూర్చున్నాడంటే, సంత అంటే అప్పట్లో ఏందో అర్థమైతుంది. కచేరీ అదే, వార్తాపత్రిక అదే, బ్యాంకు అదే.

ఇంకొకటి చెప్తే మీరు నమ్మరు. ఈ సంతలో ఒకప్పుడు చెల్లింది మన రూపాయే. 1959లో భారత ప్రభుత్వం గల్ఫ్ దేశాల కోసం వేరే గల్ఫ్ రూపాయి అచ్చు వేసింది. అంతకుముందు మామూలు భారత రూపాయే నడిచేది. కువైట్ దినారు వచ్చింది 1961 ఏప్రిల్ 1న. ఆ రోజు లెక్క ఒక దినారుకు 13 రూపాయల చిల్లర. ఇప్పుడు ఎంతో మీకు చెప్పాల్సిన పని లేదు, పొద్దున లేస్తూనే ఫోన్లో అదే కదా చూసుకొనేది. ఈ ఖర్జూరాల కొట్ల తాతలు మన రూపాయలు లెక్కపెట్టుకొని గల్లాలో వేసుకొన్నవాళ్ళే.

చమురు ముందు కువైట్‌కు బతుకు సముద్రం మీదే. 1938లో బుర్గాన్‌లో చమురు పడింది, 1946లో మొదటి ఓడ చమురు ఎత్తుకొని పోయింది. అంతకుముందు ఎండాకాలం వస్తే మగవాళ్ళు ముత్యాల వేటకు పోయేవాళ్ళు. నెలల తరబడి పడవ మీదే ఉండి, ముక్కుకు బిగింపు పెట్టుకొని, కాలికి రాయి కట్టుకొని మునిగేవాళ్ళు. పోయే ముందు నఖుదా దగ్గర, అంటే పడవ పెద్ద దగ్గర అడ్వాన్సు తీసుకొని ఇంట్లో ఇచ్చి పోయేవాళ్ళు. తిరిగొచ్చి లెక్క చూస్తే, చాలామందికి అప్పు తీరకపోగా వచ్చే ఏడాదికి మిగిలేది. ఇది వింటుంటే మీకు ఎవరు గుర్తుకొస్తున్నారు? ఏజెంటుకు కట్టడానికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి విమానం ఎక్కినవాళ్ళం మనం. ఇల్లు విడిచిపోవడం, అప్పు, దారి చూసే ఆడవాళ్ళు, ఇవి ఈ ఊరికి కొత్త కాదు. పడవ ఒడ్డుకొచ్చిన రోజు ఆ ఇళ్ళవాళ్ళు సరుకులకు వచ్చింది కూడా ఇట్లాంటి సందుల్లోకే.

మాది కట్టుబడి పని కాబట్టి కప్పు గురించి చెప్పకుండా ఉండలేం. పాత కువైట్ ఇళ్ళకు, కొట్లకు కప్పు వేసే పద్ధతి ఒకటుంది. ముందు చందల్ అనే దూలాలు వరుసగా పరుస్తారు. అవి తూర్పు ఆఫ్రికా తీరం మడ అడవుల నుంచి పడవల్లో వచ్చే కర్రలు. వాటి మీద బాస్‌జీల్ అని చీల్చిన వెదురు బద్దలు అల్లుతారు. దాని మీద రెల్లు చాప, ఆ పైన మట్టి. తలుపులకు, పడవలకు టేకు కావాలంటే మలబారు తీరం నుంచి తెచ్చేవాళ్ళు. పడవలు ఖర్జూరాలు ఎత్తుకొని ఇటునుంచి పోయేవి, కలప, బియ్యం, మసాలాలు ఎత్తుకొని వచ్చేవి. ఎడారిలో చెట్టు లేదు, రాయి తక్కువ. అయినా ఊరు కట్టినారు. ఒక దేశం కర్ర, ఇంకో దేశం వెదురు, ఇక్కడి మట్టి, ఇక్కడి చెమట. సంతలో బాగుచేసిన పాత కట్టడాల్లో ఆ చందల్ వరుసలు ఇంకా చూడొచ్చు. షట్టరింగ్ చేసే మన పిల్లలకు మేము చూపించి చెప్తాం: చూడు తమ్ముడూ, ఈ దూలం పొడుగును బట్టే గది వెడల్పు. కర్ర ఎంతుంటే గది అంతే. పాత గదులు ఇరుకుగా పొడుగ్గా ఎందుకుంటాయో ఇప్పుడు తెలిసింది కదా.

అప్పుడు ఊరు కట్టడానికి సామాను బయటినుంచి వచ్చింది, ఇప్పుడు మనుషులు వస్తున్నారు. ముబారకియాలో ఒక గంట కూర్చొని చేతులు చూడండి. రొట్టె తట్టే చెయ్యి, కబాబు తిప్పే చెయ్యి, చేప శుభ్రం చేసే చెయ్యి, బండి మీద సరుకు తోసే చెయ్యి, బల్ల తుడిచే చెయ్యి. ఈజిప్టు, ఇరాన్, అఫ్గానిస్తాన్, బంగ్లాదేశ్, కేరళ, మన పక్క. పోయినసారి మేము మాట్లాడుకుంటుంటే టీ గ్లాసులు పెట్టే అబ్బాయి ఆగి, "అన్నా, మీది రాజంపేట పక్కనా?" అన్నాడు. మా మాట తీరును బట్టి పట్టేసినాడు. వాడిది రాయచోటి దగ్గర పల్లె. రెండు నిమిషాలు ఊరి వానల గురించి, చీనీ చెట్ల గురించి మాట్లాడి, యజమాని పిలిస్తే పరుగెత్తినాడు. కువైట్ సంత అని లోకమంతా ఫొటోలు తీసుకొనే చోటు ఆ పిల్లవాడి కాళ్ళ మీద నడుస్తా ఉంది.

ఇప్పుడు ఆ దిగిపోయిన చేతుల దగ్గరికి వస్తాం. మా క్యాంపులో ఒక అన్న ఉండేవాడు. స్టీల్ ఫిక్సర్. నాలుగేళ్ళు సెలవు లేకుండా చేసినాడు. తాగుడు లేదు, సిగరెట్టు లేదు. శుక్రవారం కూడా ఓటీ ఉంటే ఓటీ, లేకుంటే బట్టలు ఉతుక్కొని పడుకోవడం. అప్పు తీర్చినాడు, ఇంటికి స్లాబు వేయించినాడు. మేమంతా ఆయన్ను చూసి నేర్చుకోవాలనుకొనేవాళ్ళం. సెలవుకు పోయి వచ్చి ఒక రాత్రి చెప్పినాడు. ఎనిమిదేళ్ళ కూతురు పక్కన పడుకొని, "నాయనా, కువైట్ ఎట్లుంటది?" అని అడిగిందంట. ఆయన చాలాసేపు ఆలోచించినాడంట. గది తెలుసు, బస్సు తెలుసు, సైటు తెలుసు. ఇంకేమీ రాలేదంట. చివరికి "ఎండగా ఉంటది తల్లీ" అని చెప్పి అటు తిరిగి పడుకొన్నాడంట. అది చెప్తూ ఆయన నవ్వలేదు. "నాలుగేండ్లు యాడ ఉంటినో నాకే తెలీదబ్బా" అన్నాడు.

ఆ మాట మమ్మల్ని శానా రోజులు పట్టి పీడించింది. డబ్బు పంపిన మనిషి లోటు చేసినట్టు కాదు. ఆయన ఇంటికి చేయాల్సిందంతా చేసినాడు. కానీ మనిషి బతుకులో నాలుగేళ్ళు ఖాళీగా ఉండిపోతే దాన్ని ఏ ఎక్స్ఛేంజి వాడూ తిరిగి పంపలేడు. ఊర్లో ఉన్నప్పుడు వారానికోసారి సంతకు పోయేవాళ్ళం. ఉల్లిగడ్డలకే పోయేవాళ్ళమా? నలుగురిని చూడటానికి, నలుగురికి కనబడటానికి పోయేవాళ్ళం. ఇక్కడికొచ్చి అది మానుకొన్నాం. గదిలో ఎనిమిది మంది ఉంటారు, అయినా ఒంటరితనం ఉంటుంది. ఎందుకంటే ఆ ఎనిమిది మందికీ చెప్పుకోవడానికి కొత్తగా ఏమీ జరగదు. రాత్రంతా ఫోను, పొద్దున బస్సు. మాట తగ్గిపోయి, నిద్ర తగ్గిపోయి, తెలియకుండానే మనిషి లోపల లోపల కుంగిపోతాడు. అట్లాంటి మనుషులను మీ గదుల్లో మీరూ చూసే ఉంటారు.

దీనికి ఒక గట్టి జవాబు ఉంది, అది మాకూ తెలుసు. డబ్బులేవి? నెలకు 90, 100 దినార్లు తెచ్చుకొనేవాడికి హోటల్లో ఒక్క పూట కూర్చుంటే ఒక రోజు కూలి పోతుంది. నిజమే. అందుకే మేము ఒక పద్ధతి పెట్టుకొన్నాం. నెలకు ఒక్క శుక్రవారం. నలుగురం కలిసి పోతాం. తలా ఒక దినారు జేబులో పెట్టుకొంటాం, బస్సు ఖర్చు కాక. మచ్‌బూస్ ఒక్కటే చెప్పి, రొట్టెలు ఎక్కువ తీసుకొని నలుగురం తింటాం. ఒకే పళ్ళెం చుట్టూ కూర్చొని తినడం ఇక్కడివాళ్ళ అలవాటే, ఎవరూ తప్పుగా చూడరు. కూర్చొనే ముందే ధర అడుగుతాం. అడగడం నామోషీ కాదు, అది సంత. డబ్బు చాలని నెలలో శనగలు, టీతో సరిపెడతాం. అది కూడా వద్దనుకుంటే ఊరికే నడిచి వస్తాం. నడవడానికి టికెట్టు లేదు. పెద్ద మాల్‌లోకి సైటు చెప్పులతో పోవాలంటే కాళ్ళు వెనక్కి లాగుతాయి. ముబారకియాలో సూటు వేసుకొన్నవాడు, దిష్‌దాషా వేసుకొన్నవాడు, మనం, అందరం ఒకే సందులో భుజాలు రాసుకొని నడుస్తాం.

రెండో జవాబు, టైం లేదు. ఇది కొంచెం చట్టం సంగతి. 2010 నాటి 6వ నంబరు కార్మిక చట్టం ప్రకారం ప్రైవేటు రంగంలో పని వారానికి 48 గంటలు, ఆరు రోజుల పని తరువాత 24 గంటల వారపు విశ్రాంతి, దానికి జీతం కూడా ఉంటుంది. ఇళ్ళల్లో పనిచేసే అక్కచెల్లెళ్ళకు 2015 నాటి 68వ నంబరు చట్టం వేరే ఉంది. దాని ప్రకారం కూడా వారానికి ఒక రోజు సెలవు, ఏడాదికి 30 రోజుల జీతంతో కూడిన సెలవు హక్కు. కాగితం మీద ఉన్నది చేతికి అందరికీ అందడం లేదు. ఈ హాలుకు రాలేకపోయిన అక్కచెల్లెళ్ళే దానికి సాక్ష్యం. అయినా అది దయ కాదు, హక్కు అని తెలిసి అడగడం వేరు, తెలియక బతిమాలడం వేరు. సెలవు దొరికే అక్కచెల్లెళ్ళు ముగ్గురు నలుగురు కలిసి రండి. సంతలో కుటుంబాలు, ఆడవాళ్ళు, పిల్లలు రాత్రి పొద్దుపోయేదాకా ఉంటారు.

ఈ సంత దెబ్బలు తిని నిలబడిన సంత అని కూడా గుర్తు పెట్టుకోవాలి. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం వచ్చింది. 1991 ఫిబ్రవరి 26 దాకా ఆ ఏడు నెలలు ఎట్లా గడిచినాయో, అమ్మాన్ దాకా ఎడారిలో ఎట్లా పోయినారో, అక్కడి విమానాల్లో ఊరు ఎట్లా చేరినారో మన పెద్దల నోట విన్నాం. సంత మళ్ళీ తెరుచుకొంది. తరువాత 2022 మార్చి 31న ముబారకియాలో పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. రెండు రోజుల్లో రంజాన్ మొదలు. పండుగ వ్యాపారానికి సరుకు నింపుకొనే రోజులవి. దుకాణాలు వరుసగా కాలిపోయినాయి. సరుకు పోయిన యజమాని బాధ అందరికీ కనబడింది. ఆ దుకాణంలో పనిచేసేవాడి నెల జీతం, వాడి ఇంటికి పోవాల్సిన డబ్బు ఎవరి కంటికీ కనబడవు. ఆ వైపు పోయినప్పుడల్లా మేము ముందుగా తలుచుకొనేది వాళ్ళనే.

కట్టుబడి మనుషులుగా ఇంకో మాట చెప్పాలి. ఇరుకు సందు, ఆనుకొని ఉన్న కొట్లు, గుడ్డ, నూనె, వైర్లు. మంట పాకడానికి ఇంకేం కావాలి. 2024 జూన్ 12న మంగఫ్ భవనంలో జరిగిన ఘోరం మనందరి గుండెల్లో ఉంది. నలభై మందికి పైగా భారతీయులు పోయినారు, అందులో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. తినే చోటైనా, పడుకొనే చోటైనా, కూర్చొనే ముందు బయటికి పోయే దారులు ఎక్కడున్నాయో చూసుకోండి. ఒకటి మూసుకుపోతే రెండోది ఏది? గదిలో మెట్ల మీద పెట్టెలు పెట్టినారంటే తీయించండి. ఇది మేము సైట్లో రోజూ పొద్దున చెప్పే మాట, సంతలోనూ గదిలోనూ పనికొస్తుంది.

పోయేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. బతాకా జేబులో ఉండాలి. ఆడవాళ్ళను, కుటుంబాలను ఫొటో తీయొద్దు, రీల్స్ పిచ్చి ఉన్న తమ్ముళ్ళు ఇది బాగా వినండి. రంజాన్ నెలలో పగలు బహిరంగంగా తినడం, తాగడం, సిగరెట్టు కాల్చడం ఏ మతం వాళ్ళకైనా ఇక్కడ నేరమే. ఆ నెలలో సాయంత్రం ఉపవాసం విడిచినాక పోతే సంత అందం వేరే ఉంటుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా పగలు 11 నుంచి 4 వరకు ఎండలో పని నిషేధం ఉన్నదెందుకో మనకు తెలుసు. ఆ ఎండ సంతకు పోయినా వదలదు కాబట్టి పొద్దు గూకినాకే పోండి.

ఇంకోటి. సంతలో హోటల్ ముందు ఎవరో పిలిచి, శుక్రవారం నాలుగు గంటలు గిన్నెలు కడుగు, చేతికి డబ్బులిస్తాం అంటారు. అవసరం ఉన్నవాడికి ఆశ పుడుతుంది. వేరే కఫీల్ దగ్గర అనుమతి లేకుండా పని చేస్తూ తనిఖీలో దొరికితే డిపోర్టు దాకా పోతుంది. 2024 జనవరి నుంచి పార్ట్‌టైమ్ పనికి సహెల్ యాప్‌లో అనుమతి తీసుకొనే పద్ధతి వచ్చింది. మీ అసలు యజమాని ఒప్పుకోవాలి, మామూలుగా రోజుకు 4 గంటలు మించకూడదు. చేయాలంటే ఆ దారిలో చేయండి, వివరాలకు మన వేదిక వాళ్ళను అడగండి.

చివరిగా మేము అడిగేది ఒక్కటే. ఇందాక చేయి దించని వాళ్ళున్నారు కదా, మీ అందరికీ ఒక పని. మీ గదిలో, మీ బస్సులో, మీ సైట్లో కొత్తగా వచ్చినవాడో, ఏళ్ళ తరబడి గది దాటనివాడో ఒకడు ఉంటాడు. వచ్చే శుక్రవారం వాణ్ణి పిలవండి. రానంటాడు, డబ్బుల్లేవంటాడు, నిద్ర అంటాడు. ఆ రోజు టీ డబ్బులు మీరు పెట్టండి. చేయి పట్టుకొని ఖర్జూరాల సందు, పసుపు గోతాలు, చందల్ కప్పు చూపించండి. వేడి రొట్టె చేతిలో పెట్టండి. మాట్లాడించొద్దు, ఊరికే పక్కన కూర్చోండి. రెండో గ్లాసు టీకి వాడే మాట్లాడతాడు.

ఆ స్టీల్ ఫిక్సర్ అన్నను మేము అట్లనే తీసుకుపోయినాం. మొదటిరోజు మొహమాటంగా కూర్చున్నాడు. ఇప్పుడు ఆయనే ముందు తయారవుతాడు. పోయిన నెల కూతురికి ఎండు నల్ల నిమ్మకాయ ఒకటి ఫోన్లో చూపించి, ఇది ఏందో చెప్పుకో చూద్దాం అన్నాడు. ఆ పాప చెప్పిన తప్పు జవాబులకు గది గదంతా నవ్వింది. కువైట్ వచ్చినాక ఆయన గట్టిగా నవ్వడం మేము వినడం అదే మొదలు.

వచ్చే ఏడాది ఇదే సమావేశంలో మళ్ళీ అదే ప్రశ్న అడుగుతాం. ఎన్ని చేతులు లేస్తాయో చూద్దాం.